ఉప్పుటేరు సంగతేమిటండీ?

ఎన్నికలొస్తే కొల్లేటి లంకల్లో అభ్యర్థికి తప్పక ఎదురయ్యే ప్రశ్న: కొల్లేరు అభయారణ్యం హద్దును కాంటూరు 5 నుంచి 3కి ఎప్పుడు కుదిస్తారు? 2008లో అసెంబ్లీ తీర్మానించింది మొదలు ఇదే పాట. చేపల చెరువు మీద బతికేవాళ్ళు అడగరా మరి!

కానీ బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేటి నుంచి సముద్రంలోకి దిగాలంటే ఉప్పుటేరే దారి. ఎండాకాలం అదే దారిన ఉప్పునీరు ఎగదన్నుతుంది. వాతావరణ మార్పుతో సముద్రమట్టం పెరిగేకొద్దీ వరద దిగడం కష్టం, ఉప్పు ఎక్కడం తేలిక. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడనే ముంచింది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగితే మునిగేది వరిచేలే.

వాతావరణ మార్పుపై మీ విధానమేమిటంటే నాయకుడు నవ్వి, దండం పెట్టి సాగిపోతాడు. ప్రచార రథం ఆపి ఇలా అడగండి: ‘ఉప్పుటేరు పూడిక ఎప్పుడు తీయిస్తారు? ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్లు ఏ ఏటికి పూర్తిచేస్తారు?’