ఎఱుక లేని కర్తృత్వము

మనుష్యుడు తన శ్రమఫలమును తన చేతితోనే నశింపజేసికొని, అట్లు చేయుచున్నానని ఆ క్షణమున ఎఱుగకుండెనేని, ఆ నాశమునకు కర్త యెవ్వడు? ప్రశ్న ప్రాచీనమైనదే గాని, కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయువారికి నేడు అది నిత్యానుభవము. లినక్సు కెర్నెల్ నిర్మాణమునకై లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆరంభించిన గిట్ అను సాధనము, రచన యొక్క ప్రతి దశను పదిలపఱచుటకే పుట్టినది. అయినను, ఇంకను దాని కప్పగింపని మార్పులను, ఒక్క ఆజ్ఞ మాత్రమున, మాఱు ప్రశ్న వేయకయే తుడిచివేయు శక్తియు దానికే కలదు.

చెకౌట్ అను ఒకే ఆజ్ఞ, రచనలోని ఒక శాఖనుండి, అనగా బ్రాంచినుండి, మఱియొక బ్రాంచికి పోవుటకును, ఫైలులోని క్రొత్త వ్రాతను చెఱపి పాతదానిని నిలుపుటకును చిరకాలము వాడబడినది. మొదటి పనిలో, మార్పులు చెడునట్లున్నచో సాధనము తానే నిలిచి హెచ్చరించును. రెండవదానిలో మౌనముగా చెఱపివేయును. అట్లే రీసెట్ అను ఆజ్ఞకు సాఫ్ట్ అని చేర్చినచో ఫైలులు చెక్కుచెదరవు. హార్డ్ అని చేర్చినచో చేతిలోని మార్పులు పోవును.

పోయినదంతయు ఒకే తీరున పోదు. కమిట్ చేసినది, అనగా గిట్‌కు పూర్తిగా నప్పగించినది, త్రోవ తప్పినను, రెఫ్‌లాగ్ అను చిట్టాలో దాని జాడ సాధారణముగా 30 దినములైనను నిలుచును. కమిట్ కాకున్నను యాడ్ అను ఆజ్ఞతో చేర్చి యుంచినదానిని, ఫైలు పేరు పోయి వ్రాత మాత్రము మిగిలిన స్థితిలో, వెదకి పట్టుకొనవచ్చును. ఈ రెండును కానిది గిట్‌లో ఎచ్చటను లేదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున చెప్పిన అభావభేదములు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును: వస్తువు పుట్టుటకు పూర్వముండు లేమి ప్రాగభావము, అది ఆది లేనిది, అంతము గలది; నశించిన పిమ్మట కలుగు లేమి ప్రధ్వంసాభావము, అది ఆది గలది, అంతము లేనిది. తన కెన్నడు నప్పగింపని రచన సాధనమునకు ఇంకను ప్రాగభావముననే యున్నది. దానిని రాత్రియంతయు మేల్కొని వ్రాసినవానికో, అది ప్రధ్వంసము.

ఇక కర్త యెవ్వడు? ఆ అన్నంభట్టే తన గ్రంథమునకు తాను వ్రాసిన దీపిక అను వ్యాఖ్యలో, ఈశ్వరుని జగత్కర్తగా సాధించు సందర్భమున, ఉపాదానమును, అనగా కార్యమునకు మూలమైన ద్రవ్యమును, గూర్చిన ప్రత్యక్షజ్ఞానము, చేయవలెనను ఇచ్ఛ, ప్రయత్నము, ఈ మూడును గలవాడే కర్తయని నిర్ణయించెను. ఒక ఫైలులోని మార్పును విడువగోరి సర్వమును విడిచినవానికి ప్రయత్నము కలదు. ఇచ్ఛ వేఱొకదానిపై నున్నది. నశింపబోవుదానిని గూర్చిన జ్ఞానము లేనే లేదు. జగత్తును సృజించిన ఈశ్వరునికే జ్ఞానము లేక కర్తృత్వము పొసగదని చెప్పిన శాస్త్రము చేతనున్నపుడు, వేలితో మీట నొక్కినంతమాత్రమున అల్పజ్ఞుడైన మానవుని పూర్ణకర్తగా నెంచి, తప్పంతయు నీదేయని పలుకుట ధర్మము కాదు.

అజాగ్రత్తకు ఇది సమర్థనము కాదు; తన పనిముట్టును తెలిసికొనుట పనివాని విధియే. అయినను, తెలిసికొనుటకు తగిన అవకాశము నిచ్చుట పనిముట్టును చేసినవాని విధి. మన పెద్దలు దానవిధి నేర్పఱచినపుడు, దాత తన పేరును, గోత్రమును, ఇచ్చు ద్రవ్యమును, గ్రహించువానిని సంకల్పమున స్పష్టముగా నుచ్చరించి గాని ధారపోయరాదని నియమించిరి. ఏలయన, విడుచుదానిని ఎఱిగి విడిచినప్పుడే అది త్యాగమగును. గిట్‌లోని క్లీన్ అను ఆజ్ఞయందు ఈ వివేకము కొంత కలదు: బలవంతపు గుర్తు చేర్చనిదే అది సాధారణముగా దేనిని తొలగింపదు, కోరినచో ఏమేమి తొలగునో ముందుగా పేరుపేరున చూపును. 2019 ఆగస్టులో వెలువడిన 2.23వ సంచికలో, చెకౌట్ మోయుచున్న రెండు పనులకు స్విచ్, రిస్టోర్ అను వేర్వేఱు ఆజ్ఞలు కల్పింపబడుటయు ఈ మార్గమున ఒక సత్కార్యమే. రిస్టోర్ కూడ అడుగకయే చెఱపును గనుక, చేయవలసినది ఇంకను మిగిలియున్నది. తిరిగి రానిదానిని విడువుమని అడుగువాడు అది యేదో పేరు చెప్పి అడుగవలెను. అట్లు చెప్పనివాడు ఆ నాశమునందు భాగస్వామియే.