ఆట నేర్పినవారికి మనం ఏం బాకీ?

ఆట నేర్పే గురువు తన దేవుణ్ణి కూడా నేర్పవచ్చా? తండాల్లో, గూడేల్లో పిల్లలకు చదువు చెప్పే మాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, బడి మైదానంలోంచి వచ్చింది. ఒక పాస్టరుగారో, చర్చికి వెళ్లే పాత ఆటగాడో పొద్దున్నే వచ్చి పిల్లలను పరుగెత్తిస్తాడు. బూట్లు కొనిస్తాడు, సెలక్షన్లకు తీసుకుపోతాడు. పరుగుకు ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి ప్రార్థన చేయిస్తాడు. కొందరు తల్లిదండ్రులు సంతోషపడతారు. కొందరు మా దగ్గరికి వచ్చి, "సారూ, ఇది ఆటనా, మతమా?" అని అడుగుతారు. ఉపాధ్యాయులుగా మనం ఏం జవాబు చెప్పాలి?

ముందు మన నేల సంగతి చూద్దాం. కంగ్టి మండలం కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గర. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి ప్రతి ఏటా ఎన్నో కుటుంబాలు చెరకు కొట్టడానికి వలస పోతాయి. పిల్లలు అవ్వ తాతల దగ్గరో, హాస్టల్లోనో మిగులుతారు. ఆ నెలల్లో వాళ్లకు యాడి, బాపు ఇద్దరూ దూరమే. అట్లాంటి పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి "రేపు ఐదు గంటలకు రా, నీ కాళ్లల్లో బలముంది" అన్న మనిషి మాట ఎంత బరువైనదో మనకు తెలుసు. ఆ మనిషి ఏ గుడికి వెళ్తాడో పిల్లవాడు అడగడు. అడగాల్సిన అవసరమూ లేదు. కానీ పిల్లవాడు అంత గట్టిగా నమ్ముతాడు కాబట్టే ఆ గురువు మీద బాధ్యత కూడా అంత ఎక్కువ.

క్రైస్తవానికీ ఆటకూ సంబంధం కొత్తది కాదు. మన తండాల్లో యువకులు సాయంత్రం వల కట్టి ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో, క్రైస్తవ యువజన సంఘమైన వైఎంసీఏలో పుట్టింది. విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు దాన్ని తయారు చేశాడు. అంతకు నాలుగేళ్ల ముందు బాస్కెట్‌బాల్‌ను తయారు చేసిన జేమ్స్ నైస్మిత్ కూడా వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో పనిచేసినవాడే. మన దేశంలో 1920లో మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాలను మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్ వైఎంసీఏ మనిషి. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులను తీసుకువెళ్లిందీ ఆయనే. ఈ రోజు వాలీబాల్ ఆడే మన పిల్లవాడు అది ఎవరి ఇంట్లో పుట్టిందో తెలియకుండానే ఆడుతున్నాడు. ఆట తన పుట్టింటి మతాన్ని ఆడేవాడి మీద రుద్దలేదు. ఇది మొదటి పాఠం.

ఇక మనకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ జైపాల్ సింగ్ ముండాది. ఆయన 1903లో ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఖుంటి దగ్గర టకరా పాహన్‌టోలిలో పుట్టాడు. చిన్ననాటి పేరు ప్రమోద్ పాహన్ అని చెబుతారు. పాహన్ అంటే ముండాల ఊరి పూజారి. రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరాక ఆ పేరు మిగల్లేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కానన్ కాస్‌గ్రేవ్ అనే పాదిరి. ఆయన ఈ పిల్లవాడి చదువునూ ఆటనూ చూసి, తనతో ఇంగ్లండు తీసుకుపోయాడు. జైపాల్ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో చదివాడు, విశ్వవిద్యాలయం తరఫున హాకీ ఆడాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడయ్యాడు. అప్పుడు ఆయన ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు. సెలవు దొరకకపోయినా ఆడడానికే వెళ్లాడు. తర్వాత ఆ ఉద్యోగాన్నే వదులుకున్నాడు. జట్టులో కలతల వల్ల ఫైనల్ ఆడలేదు కానీ, ఆయన నాయకుడిగా వెళ్లిన ఆ జట్టు 29 గోల్స్ కొట్టి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా బంగారు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో భారత జట్టు గెలిచిన మొదటి బంగారు పతకం అది. ఆ జట్టు నాయకుడు ఆదివాసీ అన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎంత మంది పిల్లలు చదివారు?

ఈ కథలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఒక పాదిరి పట్టించుకోకపోతే టకరా పిల్లవాడు ఆమ్‌స్టర్‌డామ్ చేరేవాడు కాదేమో. అదే దారిలో పూజారి ఇంటి పేరు పోయింది, తాతల మతం పోయింది. పిల్లవాడికి ఎంచుకునే వయసు వచ్చాక పోయిందా, రాకముందే పోయిందా అని అడిగే హక్కు మనకు ఉంది. కాస్‌గ్రేవ్ ప్రేమను తక్కువ చేయడానికి అడగడం లేదు. ప్రేమతో ఇచ్చినప్పుడు కూడా పుచ్చుకునేవాడు ఏదో ఒకటి వదులుకోవాల్సి రావచ్చని గుర్తు చేసుకోవడానికి అడుగుతున్నాం.

అయితే జైపాల్ సింగ్ జీవితం అక్కడ ఆగలేదు. ఆయన క్రైస్తవుడిగా ఉంటూనే 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. చర్చికి వెళ్లే ఆదివాసీలనూ, సర్నా పూజలు చేసే ఆదివాసీలనూ ఒక్క జెండా కిందికి తెచ్చాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నిలబడి, తాను అడవి మనిషినని దాచుకోకుండా చెప్పాడు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు ఎవరూ నేర్పనక్కర్లేదనీ, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలనీ చెప్పాడు. జనం ఆయనను మరంగ్ గోమ్కే, అంటే మహా నాయకుడు అని పిలుచుకున్నారు. గురువు చూపించిన దారిలో ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు, అక్కడి నుంచి తన జాతి దగ్గరికి తన దారిలో వచ్చాడు. కృతజ్ఞత వేరు, విధేయత వేరు అని ఇంతకంటే బాగా చూపించిన ఆటగాడు మనకు కనిపించడు.

కాబట్టి మా ఆలోచన ఇది. గురువు తన విశ్వాసం వల్ల పిల్లవాడికి మేలు చేయవచ్చు. ఆ విశ్వాసాన్ని ఆ మేలుకు ధరగా పెట్టకూడదు. ఈ రెండింటి మధ్య గీత సన్నగా ఉంటుంది కానీ, కనిపించనంత సన్నగా ఉండదు.

ఒక పిల్లవాడు ఉన్నాడనుకుందాం. నాలుగు వందల మీటర్లు పరుగెత్తుతాడు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి తండాలో భోగ్ పెడతారు. గురువు "వెళ్లు, అమ్మానాన్నలను కలిసి రా, ఎల్లుండి ప్రాక్టీసు మర్చిపోకు" అంటే ఆయన గురువే. "అక్కడికి వెళ్తే నా దగ్గరికి రాకు" అంటే అది బేరం. బూట్ల జత ఇచ్చి ఆదివారం ఆరాధనకు హాజరు అడిగితే అది బేరం. ప్రార్థనలో కళ్లు మూయని పిల్లవాడిని రిలే జట్టులోంచి తీసేస్తే అది అన్యాయం. మాట ఎంత తియ్యగా ఉన్నా, అవతల ఉన్నది పద్నాలుగేళ్ల పేద పిల్లవాడు. వద్దు అని చెప్పే ధైర్యం లేనివాడు తలూపితే దాన్ని ఒప్పుకోవడం అనలేం.

క్రైస్తవ ఆటగాళ్ల కూటాల్లో తరచుగా చెప్పే కథ ఎరిక్ లిడెల్‌ది. స్కాట్లండు పరుగుల వీరుడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పరుగులు ఆదివారం నాడు పడ్డాయి. ఆదివారం దేవుడి దినమని ఆయన ఆ పోటీ వదులుకున్నాడు. నాలుగు వందల మీటర్లలో 47.6 సెకన్లకు పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. తర్వాత చైనాకు మిషనరీగా వెళ్లి, 1945లో అక్కడి జపాన్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఈ కథను విశ్వాసం గెలిపించిన కథగా చెబుతారు. మాకు అందులో ఇంకో పాఠం కనిపిస్తుంది. ఒక ఆటగాడు తన మనసు ఒప్పుకోని పనికి "చేయను" అన్నాడు. దేశం పతకం కోసం ఎదురుచూస్తున్నా అన్నాడు. ఆ మాటను లోకం గౌరవించింది. మరి మన తండా పిల్ల "సార్, నేను ఈ ప్రార్థన చేయను, మా మేరామా యాడికి మొక్కుకుంటా" అంటే, ఆ మాటకూ అదే గౌరవం రావాలి కదా? లిడెల్‌ను మెచ్చుకునే గురువు ముందు ఆ పిల్లను మెచ్చుకోవాలి. అలాగే క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు బడి టోర్నమెంటులో కొబ్బరికాయ కొట్టను అంటే, అతణ్ణీ మనం బలవంతపెట్టకూడదు. న్యాయం ఒకవైపే ఉంటే అది న్యాయం కాదు.

ఇంకో ప్రమాదం ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. "ప్రార్థన చేస్తే గెలుస్తావు" అని చెప్పడం తేలిక. మరి ఓడిన రోజు? ఎనిమిది మంది పరుగెత్తితే ఏడుగురు ఓడాలి. తన విశ్వాసం చాలలేదనో, దేవుడు తనను వద్దనుకున్నాడనో ఆ పిల్లలు అనుకుంటే ఆ గాయం మోకాలి గాయం కంటే ఎక్కువ కాలం ఉంటుంది. మోకాలు వాచితే ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ప్రార్థన ఆ తర్వాత చేసుకోవచ్చు. మంచి విశ్వాసి అయిన గురువు ఓడిన పిల్లవాడి పక్కన కూర్చుంటాడు. బస్సులో తన వాటా అన్నం పెడతాడు. తాగుడు, దొంగ వయసు సర్టిఫికెట్లు, బలం పెంచే మందుల జోలికి పోనివ్వడు. ఇవి మతం మనిషికి ఇచ్చే మంచి పనులే. వీటిని చూసి కూడా పాస్టరు అన్న ఒక్క మాటకే అనుమానించడం మనకు తగదు.

మత పేరు లేకుండా కూడా ఈ పని జరుగుతుందని మన రాష్ట్రమే చూపించింది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రోత్సాహంతో, శిక్షకుడు శేఖర్ బాబు దగ్గర నేర్చుకుని వెళ్లింది. ఆమెతో ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఎక్కడానికి ముందు ఎవరికి మొక్కుకున్నారో అది వాళ్ల ఇష్టం. సంస్థ వాళ్లకు తాడు, బూట్లు, శిక్షణ, నమ్మకం ఇచ్చింది. పిల్లవాడి చేతిలో పెట్టాల్సినవి ఇవే.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ఇతర విద్యాసంస్థల్లో మత బోధనలో, ఆరాధనలో పాల్గొనాలంటే మైనరు పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతి ఉండాలి. 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. రెండూ కలిపి చదువుకోవాలి. పాస్టరుగారికి తన మాట చెప్పుకునే హక్కు ఉంది. చెరకు తోటలో ఉన్న యాడి-బాపులకు తెలియకుండా పిల్లవాడి ఆరాధనను నిర్ణయించే హక్కు ఆయనకూ లేదు, మనకూ లేదు.

ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఖుంటి, ఒడిశాలోని సుందర్‌గఢ్ ప్రాంతాల ఊళ్లలో ఖస్సీ టోర్నమెంట్లు జరుగుతాయి. హాకీ గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. చర్చిలూ, ఊరి కమిటీలూ వీటిని నడుపుతాయి. ఆ ఊళ్ల నుంచే మైకేల్ కిండో, దిలీప్ టిర్కీ, నిక్కీ ప్రధాన్, సలీమా టేటే లాంటి వాళ్లు దేశం తరఫున ఆడారు. గెలిచిన మేకను కోసి కలిసి తింటారు. ఆట ఒక మనిషి కీర్తిగా కాక ఊరి పండుగగా ఉన్నప్పుడు గురువు పెత్తనం కూడా తగ్గుతుంది. పిల్లవాణ్ణి పది కళ్లు చూస్తుంటాయి. మన తండాలకు ఇది పనికొచ్చే పద్ధతి. తండా నాయక్, బడి టీచరు, తల్లులు కలిసి మైదానం దగ్గర ఉంటే, శిక్షణ ఇచ్చేవారు పాస్టరైనా, పూజారైనా, ఏ మతమూ లేనివారైనా భయం లేదు. పిల్లలను ఒంటరిగా దూర ప్రయాణాలకు పంపకపోవడం, ఆడపిల్లలతో ఒక మహిళ తప్పకుండా ఉండటం కూడా అప్పుడే కుదురుతుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, చివరికి ప్రశ్న మన వైపు తిరుగుతుంది. బయటి మనిషి మన పిల్లలకు దేవుణ్ణి చూపిస్తున్నాడని కోపం తెచ్చుకునే ముందు, పొద్దున ఐదు గంటలకు మైదానంలో మన వాళ్లు ఎంత మంది ఉన్నారో లెక్కపెట్టుకోవాలి. ఖాళీ ఉన్నచోటే ఎవరైనా వచ్చి నిలబడతారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు ఆట నేర్పినవారిని జీవితాంతం గుర్తుపెట్టుకోండి. వాళ్ల ఇంట్లో పెళ్లయితే వెళ్లి పని చేయండి, జబ్బు చేస్తే చూసి రండి. వాళ్ల దేవుడు మీ మనసుకు నచ్చితే, పెద్దయ్యాక, ఇంట్లో మాట్లాడుకుని, మీ ఇష్టంతో నమ్మండి. నచ్చకపోతే సంకోచం లేకుండా వద్దనండి. మీరు నిజంగా పడ్డ బాకీ ఒకటే. మీ తండాలో మీ వెనక ఇంకో పిల్లవాడు చెప్పుల్లేకుండా పరుగెత్తుతూ ఉంటాడు. వాడికి మీరు నేర్చుకున్నది నేర్పండి, బదులుగా ఏమీ అడగకండి.