పరాధీనతయు మర్యాదయు

ముదిమి పైబడి, లేచుటకు ఒకరి చేయి, త్రాగుటకు ఒకరిచ్చు నీరు కావలసివచ్చిన మనుష్యునకు మర్యాద మిగులునా? జహీరాబాదు ప్రాంతమున న్యాల్‌కల్ వంటి సేద్యపుటూళ్లలో ఈ ప్రశ్న అనేక గృహముల వాకిట నిలిచియున్నది. “అన్నము పెట్టుచున్నాము, మందులిప్పించుచున్నాము, ఇంకేమి కావలెను?” అని సద్గృహస్థులే మమ్మడుగుదురు. ఆ మాటలో కపటము లేదు. కొరత మాత్రము కలదు.

శాసనము చేయగలిగినది కొంత చేసినది. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ప్రకారము, నిరాదరణకు గురియైన వృద్ధులు జహీరాబాదు రెవిన్యూ డివిజను అధికారి యెదుటనే మొఱపెట్టుకొనవచ్చును. పోషింతునని యాస్తి వ్రాయించుకొని మాట తప్పినచో, 23వ సెక్షను క్రింద ఆ దానపత్రము రద్దుకాగలదు. 2025 జనవరి 2న సర్వోన్నత న్యాయస్థానము మధ్యప్రదేశమునకు చెందిన ఒక తల్లికి ఈ సెక్షను క్రిందనే యాస్తిని తిరిగి యిప్పించినది.

అయినను ఆ చట్టము చెప్పు పోషణ యనగా తిండి, బట్ట, నివాసము, వైద్యము. గౌరవముతో జీవించుటను గూడ అందు చేర్పగోరి 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, ఆ సభ కాలము తీరునాటికిని శాసనము కాలేదు. అయియున్నను ఏమి? అధికారి మనోవర్తిని నిర్ణయించును గాని, ఆదరముతోడి పలుకరింపునకు ఉత్తరువీయజాలడు.

శరీరము పరాధీనమైనంత మాత్రమున ఇచ్ఛ పరాధీనము కాదు. మర్యాదకు మూలమిదియే. పస్తాపూరు కేంద్రముగా 1983లో వెలసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో జొన్న, కొఱ్ఱ, కంది విత్తనములను కాపాడినవారు గ్రామస్త్రీలు. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించినది. విత్తు మంచిచెడ్డలెఱిగిన అట్టి అవ్వయే రేపు మంచము పట్టినచో, ఆమె ఏ చీర కట్టుకొనగోరునో యైన నడుగువారుందురా? ఆమె పింఛను సొమ్ము ఆమె చేతికి చేరునా? స్నానము చేయించునపుడు తలుపు మూయుదురా? ఆమె వినుచుండగనే, ఆమె లేనట్లు ఆమెను గూర్చి మాటలాడుకొనకుందురా?

మతిమఱపు గలవారి మాట ఎట్లు వినవలెనని కొందఱందురు. అడుగుట యనగా ప్రతి కోరికకును లోబడుట కాదు. మందు మానరాదని ఓర్పుతో నచ్చజెప్పి, అది ఇప్పుడు త్రాగుటయా, భోజనానంతరము త్రాగుటయా యను నిర్ణయమును వారికి విడువవచ్చును. ఆపాటి స్వాతంత్ర్యమైనను వారు మనుష్యులని వారికి జ్ఞాపకము చేయును.

ఇంకొక యన్యాయమును దాచరాదు. అరుగుపై మాతృభక్తిని గూర్చి ప్రసంగించువాడు కుమారుడు. లోపల తల్లిని లేవనెత్తి, పక్కబట్టలుతుకునది కోడలు. ఒకరి మర్యాదను నిలుపుటకై వేఱొకరి జీవితమును అరుగదీయుట ధర్మము కాదు. పురుషులు తమ చేతులతో ఈ సేవ చేయనేర్వవలెను. చేసిననాడు గాని అందలి కష్టము తెలియదు.

సోదరులారా, ఇందులకు సభలతో పనిలేదు. ఈ సాయంకాలమే పెద్దల మంచము చెంత కూర్చుండి, రేపేమి తినగోరుదురో యడుగుడు. ప్రత్యుత్తరమాలస్యమైనను మీరే చెప్పివేయక వేచియుండుడు.