దాసునికీ దైవానికీ మధ్య తెర ఉందా?

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!



మన ఊళ్ళలో ముస్లిములు, క్రైస్తవులు గోడకు గోడ ఆనుకుని జీవిస్తున్నారు. పిల్లలు ఒకే బడికి వెళతారు. ఆడవాళ్ళు ఒకే కుళాయి దగ్గర నిలబడతారు. మాటల మధ్య ఒక ప్రశ్న వస్తుంటుంది: "మేము దేవుణ్ణి తండ్రీ అని నేరుగా పిలుస్తాం. మీరేమో అరబీలో చదువుతారు. మరి మీకు ఆయనతో మాట్లాడే చనువు ఉందా?" ఇది విని కొందరు కోపగించుకుంటారు, మరికొందరు జవాబు తెలియక తల దించుకుంటారు. రెండూ అవసరం లేదు. క్రైస్తవులు ఈ విషయంలో ఏమి నమ్ముతారో ముందు న్యాయంగా తెలుసుకుందాం. గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అన్కబూత్ సూరా 46వ ఆయతు మనల్ని ఆదేశిస్తోంది. ఎదుటివారు నమ్మనిదాన్ని వారి నెత్తిన రుద్దడం ఉత్తమ రీతి కాదు.

ఆలయపు తెర

పూర్వం జెరూసలేం ఆలయంలో అన్నిటికంటే లోపల ఒక గది ఉండేది. దాన్ని అతి పరిశుద్ధ స్థలం అనేవారు. దానికి తెర వేలాడుతూ ఉండేది. బైబిల్‌లోని లేవీయకాండం 16వ అధ్యాయం ప్రకారం ప్రధాన యాజకుడు ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన, బలి రక్తంతో ఆ తెర దాటి లోపలికి వెళ్ళాలి. సామాన్యులు బయటే నిలబడాలి.

యేసు సిలువపై ప్రాణం విడిచినప్పుడు ఆ తెర పైనుంచి కిందికి రెండుగా చినిగిపోయిందని మత్తయి సువార్త 27వ అధ్యాయం చెబుతుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం దీనికి అర్థం చెబుతూ, యేసు రక్తం వల్ల విశ్వాసులందరికీ దైవసన్నిధిలోకి ధైర్యంగా ప్రవేశించే మార్గం ఏర్పడిందంటుంది. క్రైస్తవులు చెప్పే 'నేరుగా ప్రవేశం' అనే మాటకు మూలం ఇదే.

అయితే ఆ ప్రవేశం ఎలా సాగాలన్న విషయంలో వారిలో రెండు దారులు ఏర్పడ్డాయి. ప్రతి విశ్వాసీ ఏడాదికి కనీసం ఒకసారి గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవాలని 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ నిర్ణయించింది. 1517లో జర్మనీకి చెందిన మార్టిన్ లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించాడు. బాప్తిస్మం పొందిన ప్రతి విశ్వాసీ యాజకుడేనని 1520లో రాశాడు. 1545 నుంచి 1563 వరకు జరిగిన ట్రెంట్ మహాసభ మాత్రం గురువు ఎదుట పాపాల ఒప్పుకోలునూ, పునీతులను వేడుకోవడాన్నీ మళ్ళీ స్థిరపరిచింది. ఈ రెండు దారులూ మన ప్రాంతంలోనే కనిపిస్తాయి. విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరిలో మరియమాత ఉత్సవానికి జనం తరలివస్తారు. 1842లో మొదలైన గుంటూరు లూథరన్ మిషన్ వారసులు మరియమ్మను గౌరవిస్తారే గాని ఆమెను వేడుకోరు. తాము పునీతులను ఆరాధించడం లేదని, తమ కోసం ప్రార్థించమని మాత్రమే కోరుతున్నామని కాథలిక్కులు వివరిస్తారు.

కాని ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమే. ప్రార్థన యేసు నామంలో జరగాలి, దేవునికీ మనుషులకూ మధ్య ఆయనే మధ్యవర్తి అని ఇద్దరూ నమ్ముతారు. ఆయనను దైవకుమారుడని నమ్ముతారు కాబట్టి, ఆయన దగ్గరికి వెళ్ళడమంటే దేవుని దగ్గరికి వెళ్ళడమే అని వారి భావన. ఇక్కడే మన విశ్వాసం వేరవుతుంది.

ఆ ద్వారం ఎప్పుడు మూసి ఉంది?

మనం వినయంగా అడగవలసిన ప్రశ్న ఇది: తెర చినగక ముందు దేవుని ద్వారం మూసి ఉందా? ఆదం (అలైహిస్సలాం) పొరపాటు చేసి, తన ప్రభువు నేర్పిన మాటలతోనే వేడుకున్నారు. అల్లాహ్ ఆయన పశ్చాత్తాపాన్ని స్వీకరించాడని బఖర సూరా 37వ ఆయతు తెలుపుతోంది. అక్కడ బలి లేదు, యాజకుడు లేడు. యూనుస్ (అలైహిస్సలాం) చేప కడుపులోని చీకట్ల నుంచి మొరపెట్టుకున్నారు. జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలో మెల్లగా, రహస్యంగా పిలిచారు. అందరి మొరా ఆలకించబడింది.

ఈసా (అలైహిస్సలాం) కూడా ఇదే నేర్పారు. సువార్తల ప్రకారం కూడా ఆయన గెత్సేమనే తోటలో నేలపై సాగిలపడి ప్రార్థించారు. శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ఎవరి పేరూ మధ్యన పెట్టకుండా పరలోక ప్రభువునే సంబోధించమన్నారు. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఆస్తి తగలేసి తిరిగివచ్చిన కొడుకు కథ ఉంది. దూరాన కొడుకును చూడగానే తండ్రే పరుగెత్తుకుని వెళ్ళి కౌగిలించుకుంటాడు. క్రైస్తవ పండితులు ఆ కథను సిలువతో కలిపి చదవాలంటారు. కాని కథలో మాత్రం తండ్రికీ కొడుకుకూ మధ్య ఎవరూ నిలబడలేదు.

ఈ పరుగు మాట మనకూ కొత్త కాదు. దాసుడు తన వైపు నడచివస్తే తాను పరుగున వస్తానని అల్లాహ్ సెలవిచ్చినట్లు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మనం అల్లాహ్‌ను తండ్రీ అని పిలవము. ఎందుకంటే ఆయన ఎవరినీ కనలేదు. అంతమాత్రాన ఆయన మనకు దూరం కాడు. యుద్ధఖైదీల్లో ఒక తల్లి బిడ్డను గుండెలకు హత్తుకుని పాలివ్వడం చూసి దైవప్రవక్త, ఈమెకు తన బిడ్డపై ఉన్న దయ కంటే అల్లాహ్‌కు తన దాసులపై ఉన్న దయ ఎక్కువన్నారు.

బఖర సూరా 186వ ఆయతును శ్రద్ధగా గమనించండి. ప్రజలు ప్రవక్తను ఏదైనా అడిగితే ఖుర్‌ఆన్ సాధారణంగా 'ఇలా చెప్పు' అంటూ సమాధానమిస్తుంది. కాని నా దాసులు నా గురించి అడిగితే అన్నచోట 'చెప్పు' అన్న మాటే లేదు. నేను దగ్గరలోనే ఉన్నానని అల్లాహ్ తానే నేరుగా అంటున్నాడు. జవాబు అందించడంలో సైతం మధ్యన ఒక్క మాట ఉంచలేదు!

పూర్వజాతుల్లో 99 మందిని చంపిన వ్యక్తి ఉదంతం కూడా ప్రామాణిక హదీసులో ఉంది. అతడు పశ్చాత్తాపపడి ఒక సన్యాసి దగ్గరికి వెళితే, నీకు తౌబా లేదని ఆ సన్యాసి తేల్చేశాడు. అతడు ఆ సన్యాసినీ చంపాడు. తర్వాత ఒక పండితుణ్ణి అడిగితే, నీకూ తౌబాకూ మధ్య అడ్డుగా నిలబడేవారు ఎవరున్నారని ఆ పండితుడు అన్నాడు. చెడ్డ ఊరు విడిచి మంచివారున్న ఊరికి వెళ్ళమన్నాడు. అతడు దారిలోనే చనిపోయాడు, అయినా కారుణ్య దూతలే అతణ్ణి తీసుకెళ్ళారు. నిజమైన పండితుడు ద్వారపాలకుడు కాడు, దారి చూపేవాడు మాత్రమే.

మన ఇళ్ళలోని తెరలు

సోదరులారా! ఇతరుల తెర గురించి మాట్లాడి మన తెరను దాచుకోవడం న్యాయం కాదు. పిల్లవాడికి జ్వరం వస్తే రెండు రకాతులు చదివి అల్లాహ్‌ను అడిగే ముందే డబ్బు తీసుకునే ఆమిల్ దగ్గరికి పరుగెత్తే ఇళ్ళు మనలో లేవా? సమాధిలో ఉన్న పుణ్యపురుషుణ్ణి సంతానం అడిగేవారు లేరా? కారణం అడిగితే, మేము పాపులం, మా మాట అల్లాహ్ వింటాడా అంటారు. వారు మమ్మల్ని అల్లాహ్‌కు దగ్గర చేస్తారనే కదా మక్కా బహుదైవారాధకులు కూడా అన్నది! జుమర్ సూరా 3వ ఆయతు దాన్ని ఖండించింది.

బతికి ఉన్న సజ్జనుణ్ణి 'నా కోసం దుఆ చేయండి' అని కోరడంలో తప్పు లేదు. కరువు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ప్రవక్త పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజియల్లాహు అన్హు)ను ముందుంచి వర్షం కోసం ప్రార్థన చేయించారు. ప్రళయదినాన సిఫారసు కూడా సత్యమే, కాని అది అల్లాహ్ అనుమతితోనే. సిఫారసు చేసేవారినీ ఆయననే అడగాలి.

ఇక భాష సంగతి. నమాజులో పఠనం అరబీలోనే. నమాజు బయట మీ దుఆ తెలుగులో చేసుకోవచ్చు, ఉర్దూలో చేసుకోవచ్చు. హజ్రత్ ఖౌలా (రజియల్లాహు అన్హా) తన భర్త అన్న మాట గురించి దైవప్రవక్త దగ్గర మెల్లగా మొరపెట్టుకుంది. అదే ఇంట్లో ఉన్న హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కే కొన్ని మాటలు వినపడలేదు. ఏడు ఆకాశాల పైనుంచి అల్లాహ్ విన్నాడు. ముజాదలా సూరా ఆ ఇల్లాలి మొరతోనే మొదలవుతుంది. వంటింట్లో కన్నీళ్ళు తుడుచుకుంటూ ఒక తల్లి తెలుగులో అన్న మాట ఆయనకు వినపడకుండా ఉంటుందా?

కాబట్టి ఈసారి పొరుగువారు అడిగితే కోపగించుకోకండి. మేము రోజుకు ఐదుసార్లు ఏ యాజకుడూ లేకుండా ఆయన ముందు నిలబడతాం, సజ్దాలో దాసుడు తన ప్రభువుకు అత్యంత సమీపంగా ఉంటాడని మా ప్రవక్త నేర్పారు అని చెప్పండి. కాని చెప్పే ముందు ఆ సజ్దా మన జీవితంలో ఉందో లేదో చూసుకోవాలి. ద్వారం తెరిచే ఉంది. దాన్ని తట్టనివాడు తనకు తానే తెర వేసుకున్నట్టు. ఈ రాత్రి చివరి జామున ఒక్కసారి లేవండి, మీ బాధను మీ మాటల్లో చెప్పుకోండి. పిల్లలకు కూడా ఏదైనా కావాలంటే ముందు అల్లాహ్‌ను అడగడం నేర్పండి.

ఓ అల్లాహ్! నిన్నే ఆరాధించే, నిన్నే అర్థించే భాగ్యం మాకు ప్రసాదించు. మా హృదయాలకూ నీకూ మధ్య మేము వేసుకున్న తెరలను తొలగించు. మా పొరుగువారికీ మాకూ సన్మార్గం చూపు. ఆమీన్.