వదిలేసిన చేప

మొన్నటి వీడియోలో మత్స్యావతారం గురించి చెప్పుకున్నాం కదా. అప్పుడు కెమెరా ముందు చెప్పడానికి మొహమాటపడ్డ సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

జనవరిలో మా ఎల్‌బీ నగర్ ఫ్రెండ్స్ నలుగురం అండమాన్ వెళ్ళాం. సముద్రం మధ్యలో గాలం వెయ్యాలని మావాళ్ళకి ఎప్పట్నుంచో సరదా. తెల్లారకముందే బోటెక్కాం. బోటు నడిపే ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. గాలాలు సర్దుతూ, "తినడానికా బాబూ, ఇడిచీడానికా?" అని అడిగాడు. వదిలెయ్యడానికే అని మావాడు గర్వంగా చెప్పాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

నా గాలానికి పెద్ద పార చేప తగిలింది. ఇరవై నిమిషాలు లాగాను, చేతులు పడిపోయాయి. అబద్ధం ఎందుకు, అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో దేంట్లోనూ కలగలేదు. ఫొటో దిగి నీళ్ళలోకి వదిలాం. అది ఈదలేదు. ఒక పక్కకి ఒరిగి, మొప్పల దగ్గర ఎర్రగా, అలా తేలుతూ వెనకబడిపోయింది.

తిరిగొచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో టీ తాగుతూ ఈ మాట ఎత్తాను. మావాడు ఊరుకుంటాడా? "ప్రతి ఆదివారం కొరమీను పులుసు తింటావ్. మృగశిర కార్తె నాడు చేపల కొట్టు ముందు లైన్లో నిలబడతావ్. అవేమన్నా నవ్వుతూ చచ్చాయారా? మేం కనీసం వదిలేశాం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వనపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకి చాలా కథలు చెప్తాడు. మనువుని ఒక చిన్న చేప, పెద్ద చేపల నుంచి కాపాడమని వేడుకునే కథ అందులోదే. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి కథా అందులోదే. ధర్మవ్యాధుడు నాకు ఎందుకు నచ్చుతాడంటే, తన పని మంచిదని బుకాయించడు. ఘోరమైన పనే అని ఒప్పుకుంటాడు. నాగలి దున్నినా, నేల మీద నడిచినా ప్రాణాలు పోతూనే ఉంటాయి, హింస అంటనివాడు లోకంలో లేడు అంటాడు. అంటే మావాడి వాదన ఆయనకి ముందే తెలుసు.

కానీ ఆ మాట మాంసం అమ్మి తల్లిదండ్రుల్ని పోషించుకునే మనిషి అన్నది. ఆయన దాంతో సరదా తీర్చుకోలేదు. వేటని పెద్దలు తాగుడు, జూదాలతో కలిపి రాజుల వ్యసనాల్లో లెక్కేశారు. నా పులుసులో చేప చచ్చింది, నిజమే. అయితే అది కొట్టుకుంటుంటే చూసి నేను కేరింతలు కొట్టలేదు. బోటు మీద కొట్టాను. నా ఆనందమంతా దాని గింజులాటలోంచే వచ్చింది. వదలడం వల్ల ఆ ఇరవై నిమిషాలు వెనక్కి పోవు. నిజానికి, వదిలేస్తాం అన్న ధైర్యంతోనే ఇంకో నాలుగుసార్లు గాలం వేశాం.

ఈ తేడా చేపకి తెలుస్తుందా? తెలియదు. దానికి రెండూ ఒకటే. అక్కడే నా వాదన బలహీనపడుతోంది, ఒప్పుకుంటాను.

మావాళ్ళు మళ్ళీ ప్లాన్ వేస్తున్నారు, ఈసారి వైజాగ్. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆలోపే వెళ్దాం అంటున్నారు. వస్తానన్నాను. గాలం మాత్రం పట్టుకోనని ఇంకా చెప్పలేదు. చెప్తే మళ్ళీ పులుసు సంగతే ఎత్తుతాడు.