పాపాన్ని కప్పుకోవడం, రోగాన్ని దాచుకోవడం

కవాడిగూడ నుంచి ఒక తల్లి ఇలా అడిగారు: “మా పెద్దబ్బాయి ఎనిమిదేళ్లుగా తాగుతున్నాడు. ఎన్నోసార్లు తౌబా చేశాడు, మళ్లీ తాగాడు. తాగుడు మానినవాళ్ల మీటింగుకు వెళ్లమని డాక్టరుగారు చెప్పారు. అక్కడ నలుగురి ముందు తన సంగతి చెప్పుకోవాలట. అల్లాహ్ కప్పి ఉంచిన పాపాన్ని మనమే బయటపెట్టవచ్చా? పైగా ఆ మీటింగు చర్చి హాల్లోనట. ఎలా పంపను?”

ఈ ప్రశ్న విశ్వాసం నుంచే పుట్టింది. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారగానే ఆ తెరను తానే చించుకునేవాడు క్షమాపణకు దూరమవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి ఆ తల్లి భయానికి ఆధారం ఉంది.

అయితే ఈ హెచ్చరిక ఎవరికి? సిగ్గు విడిచి, చేసిన పాపాన్ని గొప్పగా చెప్పుకునేవాడికి. హిజ్రీ 676లో పరమపదించిన ఇమామ్ నవవీ (రహ్మలై) తన ‘అల్ అజ్కార్’ గ్రంథంలో ఈ విషయాన్ని విడమరచి చెప్పారు. పాపం నుంచి బయటపడే దారి చూపుతారనో, తన కోసం దుఆ చేస్తారనో ఆశించి, అలాంటి గురువుకు తన పాపాన్ని చెప్పుకుంటే తప్పు లేదు, పైగా మంచిదే అన్నారు. రోగి వైద్యునికి పుండు చూపించడం సిగ్గుమాలినతనం కాదు కదా! మద్యం మందు కాదు, అది రోగమని స్వయంగా దైవప్రవక్తే (స) తెలిపారు (ముస్లిం). పాపానికి తౌబా ఉంది, రోగానికి చికిత్స ఉంది. తాగుబోతుకు ఈ రెండూ కావాలి. రోగమన్నాం గనుక బాధ్యత తీరిపోయిందని అతడు అనుకోకూడదు. పాపమన్నాం గనుక వైద్యం వద్దని మనం అనకూడదు.

మరి ఆ మీటింగుల్లో ఏం జరుగుతుంది? ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అనే ఈ సంఘం 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో మొదలైంది. తాగుడుకు బానిసలైన ఇద్దరు దాన్ని ప్రారంభించారు. ఒకరు షేర్ల వ్యాపారి, మరొకరు శస్త్రవైద్యుడు. మన దేశానికి అది 1957లో వచ్చింది. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరికే ఏకైక అర్హత. కొన్ని సమావేశాల్లోకి తాగుడు సమస్య ఉన్నవారినే అనుమతిస్తారు. అక్కడ విన్నది బయట చెప్పరాదన్నది వారి ఆనవాయితీ. అంటే తెర చినగడం లేదు. అదే తెర వెనుక ఉన్నవారు మరొకరికి చోటిస్తున్నారు. కవాడిగూడలో తెలిసినవారు చూస్తారన్న బెంగ ఉంటే సికింద్రాబాద్ వైపు సమావేశానికి వెళ్లవచ్చు.

స్థలం గురించి కూడా ఒక మాట. గంటసేపు హాల్లో కూర్చోవడం ఆరాధన కాదు. వారి సూత్రాల్లో దేవుణ్ణి ఎవరి అవగాహన మేరకు వారు నమ్మవచ్చు. ముస్లింకు ఆ దేవుడు ఏకైకుడైన అల్లాహ్ మాత్రమే. ఇతర మత ప్రార్థన ఏదైనా చదివితే అందులో పాలుపంచుకోకుండా మనసులో తన దుఆ తాను చేసుకోవాలి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1989లో ముస్లింలు ఆ పన్నెండు సూత్రాలను ఇస్లామీయ బోధనలకు అనుగుణంగా మలచుకుని ‘మిల్లతీ ఇస్లామీ’ని స్థాపించుకున్నారు.

“ఇంట్లో కూర్చుని మానలేడా?” అని కొందరు అడుగుతారు. మదీనాలో మద్యనిషేధ ప్రకటన వినిపించిన రోజును గుర్తు చేసుకోండి. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట మద్యం పోస్తున్న హజ్రత్ అనస్ (రజి) దాన్ని పారబోశారు. మదీనా వీధుల్లో మద్యం పారింది (బుఖారీ). ఒక్కడు మానలేదు, సమాజమంతా కలిసి మానింది. ఈనాడు తాగేవాడికి పర్మిట్ రూములో ప్రతి సాయంత్రం మిత్రబృందం సిద్ధంగా ఉంటుంది. మానాలనుకునేవాడికి ఏ బృందం ఉంది? తొంభై తొమ్మిది హత్యలు చేసి, తర్వాత మరొకణ్ణి కూడా చంపినవాడికి ఆలిం చూపిన దారి కూడా ఇదే. చెడ్డ ఊరు వదిలి, అల్లాహ్‌ను ఆరాధించేవారి దగ్గరకు వెళ్లమన్నాడు (ముస్లిం).

అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. చర్చి గది ఇచ్చింది కనుక అక్కడ మీటింగు జరుగుతోంది. ఇషా నమాజు తర్వాత మన మస్జిదు కమిటీ ఒక గది ఎందుకు ఇవ్వకూడదు? ఇవ్వలేకపోతే, వేరే చోటికి వెళ్లేవాణ్ణి ‘ఇజ్జత్’ పేరుతో ఆపే హక్కు మనకు లేదు. ఇజ్జత్ కోసం తలుపులు మూసుకున్న ఇంటి నుంచి చివరికి జనాజా వెళుతుంటే, ఏ ఇజ్జత్ నిలిచినట్టు?

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు వైద్యుణ్ణి కలవాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేయవచ్చు.

సిరియా ప్రాంతంలో ఒక వ్యక్తి తాగుడులో పడ్డాడని తెలిసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అతణ్ణి వెలివేయలేదు. అల్లాహ్ క్షమను, శిక్షను గుర్తుచేస్తూ ఉత్తరం రాశారు. తోటివారిని దుఆ చేయమన్నారు. ఉత్తరం చదివి అతడు కన్నీళ్లతో మరలివచ్చాడు. జారిపడిన సోదరునిపై షైతానుకు తోడ్పడవద్దని ఆ తర్వాత ఆయన సహచరులకు ఉపదేశించారని ఇబ్నె కసీర్ (రహ్మలై) ఉల్లేఖించారు.

జారిపడినవారికి చేయూతనిచ్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.