ఉప్పు ఋణము, కూలి ఋణము

ఉప్పు తిన్న యింటికి ద్రోహము తలపెట్టరాదని పెద్దలు చెప్పుదురు. హిందీ పలుకుబడిలోను ఈ భావమే కలదు. విశ్వాసముగల సేవకుని అచట ‘నమక్ హలాల్’ అందురు. కాని యజమాని జీతము బాకీపడి, సేవకుడు కొలువు విడిచి వెడలిన పిదప ఎవరు ఎవరికి ఋణపడియున్నారు? పాత యజమానిపై వ్యాజ్యము వేయదలచినవాని మనస్సులో మొదట లేచు ప్రశ్న ఇదియే.

కాశీలో ఒక ముద్రణాలయమున పదునాలుగేండ్లు ప్రూఫులు దిద్దిన ఉద్యోగి ఒకడున్నాడనుకొందము. కడపటి నాలుగు నెలల జీతము అతనికి ముట్టలేదు. పండుగ వెళ్లనిమ్మని, పుస్తకములు అమ్ముడుపోనిమ్మని యజమాని వాయిదాలు చెప్పెను. ఉద్యోగి విసిగి వేరొకచోట చేరెను. ఆ యజమానియే ఒకప్పుడు అతని కుమార్తె వివాహమునకు అడుగకయే సొమ్ము సర్దెను. “కష్టార్జితము వదలుకొందుమా?” అని భార్య అడుగును. “కోర్టు మెట్లెక్కి బాగుపడినవాడెవడు?” అని అన్నగారు అడుగును. ఇరువురి మాటలందును సత్యమున్నది.

జీతమన్నది నెల గడచిన పిమ్మట చేతికి వచ్చునది. అనగా ముప్పది దినములు పనివాడు తన శ్రమను యజమానికి అప్పిచ్చుచున్నాడు. ధనికుడు పేదకు అప్పిచ్చునప్పుడు పత్రము వ్రాయించుకొనును, వడ్డీ లెక్క కట్టును. పేదవాడు ధనికునకిచ్చు ఈ అప్పునకు వడ్డీ లేదు, నమ్మకమే పత్రము. కనుక ఉప్పు తిన్నవాడు సేవకుడొక్కడే అనుట పొరపాటు. అతని చెమటలోని ఉప్పు యజమాని యింటను చేరినది.

ఇట్టి బాకీ నడుగుట కృతఘ్నత యని మన పూర్వులు తలపలేదు. మనుస్మృతి లెక్కించిన పదునెనిమిది వ్యవహారపదములలో జీతమీయకుండుట ఒకటి. కౌటిల్యుడు జీతమీయనివానికి ఒక దండనము, బాకీయే లేదని బొంకినవానికి అంతకు మించిన దండనము విధించెను. మన కాలమున 1936 నాటి వేతన చెల్లింపు చట్టము ఫిర్యాదునకు మొదట ఆరు నెలల గడువే యిచ్చెను. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతి మూడేండ్ల గడువిచ్చి, జీతము చెల్లించితినని ఋజువు చేయు భారమును యజమానిపై మోపినది. అయినను గడువు గడువే. ఎటూ తేల్చుకొనక కూర్చున్నవాని తరఫున కాలమే తీర్పు చెప్పివేయును.

అయితే క్షమ మాట యేమి? అడుగగలిగియు విడిచిపెట్టుట క్షమ. అడుగుటకు వెరచి మిన్నకుండి, దానికి క్షమ యని పేరు పెట్టుట ఆత్మవంచన. అట్లే న్యాయమను పేరున పగ తీర్చుకొనుటయు కలదు. ఈ రెంటిని వేరుచేయుటకు ఒక పరీక్ష చాలును. యజమాని రేపే వచ్చి బాకీ అంతయు చేతిలో పెట్టినచో మనస్సు కుదుటపడునా? లేక అతడు బోనులో నిలువకపోయెనే యని వెలితి తోచునా? వెలితి తోచినచో, అతడు కోరునది జీతము కాదు.

ఈయలేనివానికి, ఈయనొల్లనివానికి గల భేదమును కూడ చూడవలెను. 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్లిన గాంధీజీ తన కక్షిదారుడైన దాదా అబ్దుల్లా వ్యాజ్యమును మధ్యవర్తుల తీర్పునకు ఒప్పించెను. అబ్దుల్లాయే గెలిచెను. కాని ప్రతివాది తయ్యబు సేఠు సుమారు 37,000 పౌండ్లను ఒక్కసారిగా చెల్లింపవలసివచ్చినచో దివాలా తీయును. గాంధీజీ అబ్దుల్లాను నచ్చజెప్పి దీర్ఘకాలపు వాయిదాలకు ఒప్పించెను. బాకీ నిలిచినది, బాకీదారుని మానమును నిలిచినది.

ఇక ఆ ముద్రణాలయమున నేటికిని పనిచేయుచున్నవారు కలరు. ఒకని జీతము ఎగవేసి నిశ్చింతగా ఉండగలిగిన యజమాని రెండవవాని జీతమును లెక్కచేయడు. ఏషియాడ్ కూలీల వ్యాజ్యమున, చట్టము నిర్ణయించిన కనీస వేతనమునకు తక్కువ యిచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము నిషేధించిన నిర్బంధ శ్రమయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తెలుగువారు వెట్టి యన్నది దీనినే. ఆ వ్యాజ్యము నడపినది కూలీలు కారు, వారి పక్షము వహించిన పౌరహక్కుల సంఘము. నోరు లేనివారి కొరకు ఇతరులు అడిగిరి. నోరున్నవాడు తన కొరకైన అడుగకుండుట పాడియా? తన సొమ్మును విడిచిపెట్టు హక్కు అతనికి కలదు. తోడివారి సొమ్మును విడిచిపెట్టు హక్కు లేదు.

కావున ఆ ఉద్యోగి మొదట చేయవలసినది లెక్క వ్రాయుట. నాలుగు నెలల జీతము ఒక వైపున, వివాహమునాడు సర్దిన సొమ్ములో తీరక మిగిలినది వేరొక వైపున వ్రాయవలెను. మిగులు బాకీని వాయిదాలపై నైనను చెల్లింపుమని గడువు పెట్టి ఉత్తరము పంపవలెను. గడువు గడచినచో అధికారి యెదుట అర్జీ దాఖలు చేయవలెను. నాటి ఆదరమునకు కృతజ్ఞత ఎన్నటికిని ఉండవచ్చును. కాని ఆ కృతజ్ఞతను జీతపు పద్దులో జమ కట్టరాదు. ఇన్నేండ్లు అతడు తప్పు కనబడినచోట గురుతు పెట్టెను. అది గ్రంథకర్తపై కోపముచేత కాదు, పుట సరిగా నుండవలెనని. ఈ అర్జీయు అట్టిదే కావలెను.